తలకట్టు కొస

మా బావ కుడిచెయ్యి పాడవుతోందని లోకంలో అందరికంటే ముందు తెలిసింది నాకే. ఆయనకంటే ముందు, ముప్ఫై ఏళ్ళుగా ఆయన పక్కన కూర్చుని తింటున్న మా అక్కకంటే ముందు, డాక్టరుకంటే ఐదు నెలలకు పైగా ముందు. తెలిసి నోరు మూసుకున్నాను. ఈ సంగతి మొదటే ఎందుకు చెప్పేస్తున్నానంటే, తర్వాతి కథంతా వింటే నా మీద జాలి పుట్టే ప్రమాదం ఉంది. ఆ జాలి నాకు అక్కర్లేదు.

బావ బోర్డులు రాసేవాడు. షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, వ్యాన్ల మీద కంపెనీ పేర్లు. ఊళ్ళో బోర్డులు రాసేవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు గానీ, రోడ్డు అవతలి నుంచి చూసి "ఇది ఫలానా ఆయన రాసింది" అని చెప్పగలిగేది మాత్రం బావ అక్షరాన్నే. ఒళ్ళు లావు, కొస సూది. అంతే దాని గుట్టు. వెడల్పాటి బ్రష్ నిండా రంగు ముంచి, గోడకి చిటికెనవేలు ఆనించి, ఒక్క ఊపులో అక్షరం గుండ్రంగా తిప్పేవాడు. ఆఖరున తలకట్టు. కిందికి ఓ చిన్న దెబ్బ, అక్కణ్ణుంచి పైకి ఓ ఊపు, ఆ ఊపు చివర బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బ్రష్ కాడని అరచుట్టు తిప్పి ఎత్తేసేవాడు. బొటనవేలంత లావున్న గీత చివరికి వెంట్రుకలా సన్నబడి ఆగిపోయేది. చూసినవాళ్ళు ఆ కొస కోసం వేరే చిన్న బ్రష్ వాడాడేమో అనుకునేవాళ్ళు. ఆ తిప్పడం కంటితో చూసి చేసేది కాదు. బ్రష్‌లో రంగు ఎంత మిగిలిందో, గోడ ఎంత పీల్చుకుంటోందో వేలికొసలకే తెలియాలి.

నా పనీ అక్షరాలే గానీ, చేతికి రంగంటని పని. కంప్యూటర్లలో వాడుకునే అక్షరాలు తయారుచేసే కంపెనీలో పదకొండేళ్ళుగా ఉన్నాను. ఎవరో గీసిన అక్షరాన్ని తెర మీద వెయ్యింతలు పెద్దది చేసి, వంకరలు సరిచేసి, ఎగుడుదిగుళ్ళు సాపు చేసి ఇవ్వాలి. వాళ్ళ పేరు పైన ఉంటుంది. నా పేరు ఎక్కడా ఉండదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టుకుంటానని బావ నాకు "భూతద్దం" అని పేరు పెట్టాడు. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఆయన గీసిన మా ఇంటి నంబరులో ఎనిమిది పక్కకి ఒరిగిందని పన్నెండేళ్ళ నేను మొహం మీదే అనేశాను. ఆ రోజు నుంచీ అదే పేరు.

మా కంపెనీకి ఒక సబ్బుల కంపెనీ వచ్చింది. డబ్బాల మీద, బోర్డుల మీద, బస్సుల మీద, అన్నిటి మీదా ఒకే రకం అక్షరాలు కావాలట. లావుగా, బ్రష్‌తో రాసినట్టు, దూరం నుంచి చూస్తే మీద పడేట్టు ఉండాలట. మా మేనేజరు నాలుగు నమూనాలు చూపిస్తే నాలుగూ తిప్పికొట్టారు. ఆ మేనేజర్ని మేం తొందరగారు అంటాం. లిఫ్టు వచ్చేలోగా నాలుగు మెట్లు ఎక్కి, మళ్ళీ లిఫ్టు వచ్చిందని దిగే మనిషి. ఆయన తల పట్టుకుని కూర్చుంటే, నా ఫోన్లో ఉన్న బావ బోర్డు ఫొటో ఒకటి చూపించాను.

"ఎవరీయన?" అన్నాడు తొందరగారు.

"మా బావ."

"ఇంతకాలం ఎక్కడ దాచావయ్యా... దాచావమ్మా ఈయన్ని? పట్టుకురా. అక్షరాలు ఆయనవి, తయారీ నీది. ఇద్దరి పేర్లూ పడతాయి."

నా పేరు పడుతుందనేసరికి నేను కుర్చీలో నిలవలేకపోయాను. సాయంత్రమే అక్కావాళ్ళింటికి పరుగెత్తాను. ఫాంటుకి "జోరు" అని పేరు కూడా పెట్టేశారని చెబితే బావ పగలబడి నవ్వాడు. "జోరా? నా జన్మలో నాకున్నది నిదానమే కదే!" అన్నాడు. కానీ ఆ రాత నిలిచిపోతుందనే మాట ఆయనకి బాగా నచ్చింది. ప్రింటు బోర్డులు వచ్చాక ఆయన గోడలన్నీ ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి మరి.

ఫాంటు అంటే అచ్చులూ హల్లులూ రాసి ఇస్తే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు, ఒకదానికొకటి తగులుకునే జంటలు, అంకెలు, చుక్కలు, కామాలు, అన్నీ కలిపి మా లెక్కకి నాలుగు వందల తొంభై ఆరు తేలాయి. ఒక్కటి తగ్గినా, ఆ అక్షరం వచ్చిన చోట డబ్బా మీద ఖాళీ గడి పడుతుంది. సగం ఫాంటు అంటూ ఏదీ ఉండదు. ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే చెత్తబుట్ట.

పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. ఒక పెద్ద కాగితానికి ఎనిమిది అక్షరాలు. ఒక్కో అక్షరం మూడేసి సార్లు. అందులో బాగా కుదిరినదాన్ని నేను ఏరుకుంటాను. వారానికి రెండు కాగితాలు, మొత్తం అరవై రెండు. బావ ప్రతి కాగితం మూలనా పెన్సిలుతో నంబరూ తారీఖూ వేసేవాడు. శనివారం మధ్యాహ్నం నేను వెళ్ళి తెచ్చుకుని, ఆఫీసులో స్కాన్ చేసి, మరుసటి శనివారం తిరిగి ఇచ్చేదాన్ని. ఆయన వాటిని వరస తప్పకుండా మంచం కింద రెండు అట్టల మధ్య పెట్టుకునేవాడు.

గోడ మీద నిలబడి రాసే మనిషికి ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేయించింది నేనే. పాత తలుపు రెక్కని రెండు స్టూళ్ళ మీద పడుకోబెట్టాం. ఆయన రోజుకి నాలుగు గంటలు దాని మీద మెడ వంచి కూర్చునేవాడు.

మొదటి పది కాగితాలూ చూస్తుంటే నాకు ఆకలి వేసేది కాదు. మూడో కాగితంలో "క" మీద తలకట్టు ఉంది చూడండి, దాని కొస తెర మీద వెయ్యింతలు చేసినా ఎక్కడ ఆగిందో తెలియలేదు. అలా పల్చబడుతూ పల్చబడుతూ కాగితంలోకి ఇంకిపోయింది. పక్క సీటు అమ్మాయిని పిలిచి మరీ చూపించాను.

పదకొండో కాగితంలో కొసలు కొంచెం మొద్దుగా కనిపించాయి. మామూలు కంటికి కాదు, తెర మీద. బ్రష్ అరిగిపోయిందనుకున్నాను. శనివారం దాకా ఆగకుండా మర్నాడే కొత్త బ్రష్ కొనుక్కుని వెళ్ళాను. "ఏంటే, అల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నావు నన్ను!" అని బావ మురిసిపోయాడు. పదమూడు, పద్నాలుగు కొత్త బ్రష్‌తో రాసినవే. అయినా కొసలు అలాగే ఉన్నాయి. రంగు చిక్కబడిందేమో అనుకున్నాను. కాగితం మారిందేమో అనుకున్నాను. మనసు ఒప్పుకోని సంగతికి కారణాలు వెతకడంలో నా అంత తెలివైనవాళ్ళు ఉండరు.

పద్నాలుగో కాగితం వచ్చాక ఒక పని చేశాను. ఆ పని చెయ్యకుండా ఉంటే నేనూ అందరిలాగే తెలియదని చెప్పుకోగలిగేదాన్ని. ఒకటో కాగితం నుంచి పద్నాలుగో కాగితం దాకా, ఒక్కోదాంట్లోంచి ఒక్కో తలకట్టు తీసి, తెర మీద ఒకదాని మీద ఒకటి పేర్చాను. మొదటి ఎనిమిదీ ఒకే చోట సన్నబడ్డాయి. తొమ్మిదోది కొంచెం ఇవతలే ఆగింది. పదోది ఇంకాస్త ఇవతల. అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు, ఒక్కోటీ కాస్త లావుగా, కాస్త ముందుగా, తిప్పాల్సిన చోట తిప్పకుండా ఆగిపోతూ వచ్చాయి. బ్రష్‌ది అయితే కొత్త బ్రష్‌తో మళ్ళీ మొదటికి రావాలి. రంగుదైతే ఒకరోజు ఉండి ఒకరోజు పోవాలి. ఇలా వరసగా, ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకుండా దిగజారేది ఒంట్లోంచే వస్తుంది. వేలికొసలకి స్పర్శ తగ్గుతోంది. బ్రష్ ఎక్కడుందో తెలియక బావ గట్టిగా అదిమి పడుతున్నాడు.

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. అక్క నంబరు పైకి వచ్చింది. అప్పుడే తొందరగారు నా వెనక నుంచుని తెరలోకి తొంగిచూశాడు. "ఎన్ని అయ్యాయి?" అన్నాడు.

"నూట పన్నెండు."

"ఇంకా అంతేనా? సబ్బులవాళ్ళు పీకల మీద కూర్చున్నారు. మధ్యలో ఆగితే మాత్రం, అమ్మా, ఇక ఈ జన్మలో మనకి ఇలాంటిది రాదు."

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. డాక్టరు దగ్గరికి వెళితే ముందు చెప్పేది పని ఆపమనే. ఆపితే నూట పన్నెండు దగ్గర ఫాంటు చస్తుంది. పదకొండేళ్ళు ఊరి జనం అక్షరాలకి గోళ్ళు కత్తిరించిన నేను మళ్ళీ కత్తెర పట్టుకోవాలి. అరవై రెండో కాగితం చేతికందిన రోజే చెబుతానని ఒట్టు పెట్టుకున్నాను. నాకు నేనే పెట్టుకున్నాను కాబట్టి అడిగేవాళ్ళు లేరు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి అక్షరానికీ నేనే కొస పెట్టాను. మూడో కాగితంలోని "క" తలకట్టు కొసని కోసి, మిగతావాటికి అతికించాను. ఒళ్ళు ఆయనది, కొసా ఆయనదే, కాకపోతే వేరే నెలది. ఎవరికీ అనుమానం రాలేదు. పైగా ఒళ్ళు రోజురోజుకీ లావెక్కుతుంటే సబ్బులవాళ్ళు చంకలు గుద్దుకున్నారు. "జోరు పెరుగుతోంది" అన్నారు.

ముప్ఫయ్యో కాగితం తెచ్చుకోవడానికి వెళ్ళిన శనివారం సంగతి కూడా చెప్పాలి. బావ బల్ల దగ్గర కూర్చుని కుడిచెయ్యి తెరిచి మూసి చూసుకుంటున్నాడు.

"భూతద్దం, ఇటు రా. నిజం చెప్పు. ఈమధ్య వేళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టు ఉంటోందే. అక్షరంలో ఏమన్నా తేడా కనిపిస్తోందా?"

వంటింట్లోంచి అక్క అందుకుంది. "చొక్కా గుండీలు కూడా నన్నే పెట్టమంటున్నారే. మొన్న గ్లాసు వదిలేశారు. డాక్టరుకి చూపించుకోండి అంటే చెవిన వేసుకోరు. నువ్వన్నా చెప్పు."

"గుండీలకేం, ఈ వయసులో బావకి సరసాలు ఎక్కువయ్యాయక్కా. నువ్వు దగ్గరికి రావాలని వేషాలు" అన్నాను.

అక్క "ఛీ, నోరు చూడు!" అంటూ గరిటె చూపించింది. బావ కూడా నవ్వాడు. కానీ నవ్వు అయిపోయాక మళ్ళీ నా వైపే చూశాడు.

"అది సరేగానీ, నువ్వు చెప్పు. నీ కన్ను అబద్ధం చెప్పదు. తేడా ఉందంటే సోమవారమే వెళ్ళి చూపించుకుంటా."

ఆయన చెయ్యి ఏమవ్వాలన్నది ఆ క్షణాన నా నోట్లో ఉంది. ఇప్పటికీ ఎవరైనా అబద్ధం చెబుతుంటే నాకు ఆ గదే కనిపిస్తుంది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది, కాగితాల మీద రంగు ఇంకా తడిగానే ఉంది.

"ఏ తేడా లేదు బావా. నిజం చెప్పనా, మొదట్లో రాసినవాటికంటే ఇవే బాగున్నాయి" అన్నాను.

"చూశావా?" అని బావ వంటింటివైపు అరిచాడు. "నరాలకి వయసొచ్చింది, అంతే. చేతికి రాలేదు."

ఆ తర్వాత ఆయన ఇంకెవర్నీ అడగలేదు. నలభయ్యో కాగితం దాటాక మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకునేవాడు. యాభై దాటాక బ్రష్ జారిపోకుండా కాడకి గుడ్డ చుట్టుకున్నాడు. నేను వెళ్ళేసరికి ఆ గుడ్డ విప్పి దాచేసేవాడు. కానీ కాడ మీద దాని పోగులు రంగుకి అంటుకుని కనిపించేవి. నేను చూడనట్టు నటించేదాన్ని.

అరవై రెండో కాగితం వచ్చింది. ఆ శనివారం నోరు తెరిచాను కూడా. ఇంతలో, సబ్బులవాళ్ళు చూసి ఒకటో రెండో మళ్ళీ రాయమంటే ఎలా, అనిపించింది. ఇంకొక్క వారం ఆగుదాం అనుకున్నాను. ఆ వారంలో, బుధవారం ఉదయం, బావ ఇంటి ముందు మూడు మెట్ల మీద నుంచి పడ్డాడు. చేతులు ముందుకు చాచి ఆపుకోవాల్సింది, చేతులు లేవలేదు.

ఆస్పత్రిలో మెడకి స్కాన్ తీశారు. పెద్ద డాక్టరు ఒక వెలుతురు పలక మీద అది పెట్టి, మెడ ఎముకల మధ్య వెన్నుపాము నొక్కుకుపోయిన చోటు పెన్నుతో చూపించింది. ముప్ఫై ఏళ్ళు గోడల మీదికి మెడ ఎత్తి పనిచేసినందుకు ఎముకలు పెరిగాయట. ఈ మధ్య ఇంతసేపు మెడ వంచి కూర్చోవడం కూడా దానికి తోడైందట.

"ఎప్పుడు మొదలైంది? చేతిరాత ఎప్పుడు మారింది?" అని అడిగింది డాక్టరు. "ఈ జబ్బులో మేం మొదట అడిగేది అదే. చాలామందికి ముందు చేతిరాతలోనే తెలుస్తుంది."

"చేతిరాత మారలేదు డాక్టరుగారూ" అన్నాడు బావ, పట్టీ వేసిన మెడ తిప్పలేక కళ్ళతోనే నన్ను చూపిస్తూ. "మా మరదలు వారం వారం చూస్తూనే ఉంది. దానికి వెంట్రుకవాసి తేడా వచ్చినా తెలిసిపోతుంది. అడిగాను కూడా. లేదంది."

డాక్టరు నా వైపు చూసింది. అక్క నా వైపు చూసింది. నేను ఆ వెలుతురు పలకనే చూస్తూ ఉన్నాను.

"అయితే ఈ మధ్యే ఒక్కసారిగా ముదిరిందన్నమాట" అని డాక్టరు రాసుకుంది. "మూడు నాలుగు నెలల ముందు మొదలై ఉంటే, అప్పుడే వచ్చి ఉంటే, చెయ్యి మిగిలేది. ఇప్పుడు ఆపరేషన్ చేసేది కాళ్ళు పోకుండా ఉండటానికి. పోయింది తిరిగి రాదు."

బయట వరండాలో అక్క నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "ఎవరికి మాత్రం తెలుస్తుందే? నీకే కనిపించలేదంటే దేవుడికి కూడా కనిపించి ఉండదు" అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఆ చెయ్యి నాది కాకపోతే బాగుండునని అనిపించింది.

ఆపరేషన్ అయింది. బావ కర్ర పట్టుకుని నడిచాడు. కుడిచెయ్యి మాత్రం ఒళ్ళో పడి ఉండిపోయింది, వేళ్ళు లోపలికి ముడుచుకుని. స్పూన్ కూడా నిలవదు. పొద్దునా సాయంత్రం అక్క నూనె రాసి, ఒక్కో వేలునీ పదేసి సార్లు సాగదీసేది. అలా చేస్తే కీళ్ళు బిగుసుకోవని ఆస్పత్రిలో చెప్పారు, అంతే.

రెండు నెలలకి "జోరు" బయటికి వచ్చింది. బస్సుల మీద వచ్చింది, సబ్బు డబ్బాల మీద వచ్చింది. చూస్తుండగానే చెప్పుల షాపులు, ట్యూషన్ సెంటర్లు, మందుల షాపులు అన్నీ దాన్నే పెట్టుకున్నాయి. కంపెనీవాళ్ళు మొత్తం అక్షరాలన్నీ అచ్చువేసిన పెద్ద షీటు ఒకటి ఇచ్చారు. కింద బావ పేరు, దాని పక్కన నా పేరు. ఆదివారం పొద్దున అది చుట్టుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళాను. ఇవ్వకుండా ఎన్నాళ్ళు తప్పించుకుంటాను?

అక్క బల్ల మీద షీటు పరిచింది. బావ నా సంచిలో ఉండే భూతద్దం అడిగి తీసుకున్నాడు, ఎడమచేత్తో. మొదట మురిసిపోయాడు. "అబ్బ, ఏం అచ్చు వేశారే!" అన్నాడు. వరస వెంట వరస చూసుకుంటూ పోయాడు. సగం షీటు దాటాక భూతద్దం వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు. మళ్ళీ మొదటి వరసకి వెళ్ళాడు.

"ఈ 'క్ష' ఎవరు రాశారు?" అన్నాడు.

"నువ్వే బావా."

"నేను 'క్ష' రాసిన రోజు నాకు గుర్తుంది. మూడుసార్లూ బ్రష్ చేతిలోంచి జారింది. ఒకదాని మీద మరక కూడా పడింది. దానికి ఇంత కొస ఎక్కడిది?"

బావ భూతద్దం కింది వరసకి జరిపాడు.

"అన్నిటికీ ఒకటే కొస" అన్నాడు. "ఒక మనిషి చెయ్యి ఐదు వందల సార్లు ఒకేలా ఎత్తదు. ఇది నువ్వు అతికించావు."

"అన్నీ ఒకేలా ఉండాలి బావా. ఫాంటు అంటే..."

"అతికించావంటే, నావి బాగా లేవని నీకు కనిపించినట్టే కదా." గొంతు పెంచలేదు. లెక్క తప్పిన చోటు వెతుక్కుంటున్నవాడిలా మాట్లాడాడు. "మంచం కింద అట్టలు తియ్యి" అన్నాడు అక్కతో.

అక్కకి ఇంకా ఏమీ అర్థం కాలేదు. అట్టలు తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుని, మామూలుగా ఆయన కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుని నూనె రాయడం మొదలుపెట్టింది. బావ ఎడమచేత్తో కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. వాటిని తిప్పడానికే ఆయనకి చాలాసేపు పట్టింది. నేను సాయం చెయ్యబోతే వద్దన్నాడు. ఒక కాగితం బయటికి లాగి నా ముందు పెట్టాడు. మూలన ముప్ఫై అని ఉంది.

"నేను నిన్ను అడిగిన రోజుది ఇది. ఆ రోజు నీకు తెలుసా?"

అక్క చేతులు ఆగాయి.

అప్పుడు కూడా తప్పించుకోవచ్చు. ఆ రోజు తెలియదు, తర్వాత తెలిసింది అంటే ఆయన నమ్మేవాడు. నమ్మాలని ఆయన మొహంలో నాకు కనిపించింది కూడా. కానీ ఆ కాగితం మీద నా కళ్ళ ముందే మొద్దు కొసలు ఇరవై నాలుగు వరసగా ఉన్నాయి. ఇక నా వల్ల కాలేదు. ఆ కట్టని నా వైపు లాక్కుని, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది, ఒక్కొక్కటే వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. ఇరవై దాటినప్పుడు బావ నా చేతుల వైపు చూడటం మానేసి నా మొహంలోకి చూశాడు. పద్నాలుగు తీసి ముప్ఫై మీద పెట్టాను.

"ఇదా?" అన్నాడు బావ. భూతద్దం పెట్టి కాగితం అంతా వెతికాడు. "ఇందులో ఏముంది? నాకేమీ కనిపించడం లేదే."

రెండో వరసలో మూడో "మ" తలకట్టు మీద గోరు పెట్టి చూపించాను. ఆయన వంగి చూశాడు. మెడ వంగదు కాబట్టి నడుము నుంచి వంగాడు.

"అవును" అన్నాడు చివరికి. "ఉంది. తిప్పలేదు ఇక్కడ. ఎంత కన్నే నీది!"

మెచ్చుకున్నాడు. తిట్టాలని ఆయనకి గుర్తు రాలేదు, ముందు పనే కనిపించింది. అంతకన్నా చెంప మీద కొట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

అక్క ఆ కాగితం లాక్కుని మూలన ఉన్న తారీఖు చదివింది. పెదాలతో నెలలు లెక్కపెట్టుకుంది. డాక్టరు చెప్పిన మూడు నాలుగు నెలలు దాటి, ఇంకా వెనక్కి వెళ్ళింది ఆ లెక్క.

"ఎందుకు చెప్పలేదే?" అంది.

అడిగితే చెప్పడానికి ఎన్ని తయారుచేసి పెట్టుకున్నానో. జబ్బు అనుకోలేదు, వయసు అనుకున్నాను. మీరు భయపడతారనుకున్నాను. బావే వినేవాడు కాదు.

"ఇంకా మూడు వందల ఎనభై నాలుగు అక్షరాలు మిగిలున్నాయక్కా" అన్నాను.

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మా అమ్మ పోయిన రోజున కూడా ఆమె కళ్ళు అంత పొడిగా లేవు. ఒళ్ళో ఉన్న ఆయన చేతిని నెమ్మదిగా తీసి దిండు మీద పెట్టి, నూనె చేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

"అయ్యాయా?" అంది.

"అయ్యాయి" అన్నాను.